పరదేశపు రోగి – మన ఊరి పద్దు

తెలుగులో లెక్కలకు సంబంధించిన మాటలను విద్యార్థులు ఒక్కసారి పరిశీలించి చూడాలి. జమ, ఖర్చు, వసూలు, బాకీ, రసీదు, దాఖలు, మంజూరు, రద్దు, తనిఖీ, నకలు, అర్జీ, గుమాస్తా – ఇవన్నీ అరబ్బీ, పారసీ భాషలలో పుట్టి, ఉర్దూ మీదుగా మన పల్లెలకు వచ్చి, ఇక్కడి నీరు త్రాగి అచ్చ తెలుగు మాటల వలె స్థిరపడినవి. అక్షరం రాని రైతు సైతం వీటిని నిఘంటువు అవసరం లేకుండానే వాడుతాడు. కడపలో పనిచేసిన సి.పి. బ్రౌను ఇటువంటి మాటలనన్నింటినీ ఏరి, 1854లో ఒక మిశ్రభాషా నిఘంటువునే ప్రత్యేకంగా అచ్చువేయించవలసి వచ్చింది. ఉర్దూ, తెలుగు ప్రక్కప్రక్కన నడిచే ఈ సంచికలో ఆ మాటలను ముందుగా తలచుకోవడం ఉచితమే.

ఎందుకంటే మన పిల్లలలో అనేకులు ఈనాడు చేస్తున్న ఉద్యోగం ఆ పాత మాటల చుట్టూనే తిరుగుతున్నది. దాఖలు చేయడం, మంజూరు అయినదా రద్దు అయినదా అని చూడడం, బాకీ వసూలు చేయడం – ఇదే వారి పని. అయితే పద్దు మనది కాదు. రోగి అమెరికాలో ఉంటాడు, వైద్యుడు అమెరికాలో ఉంటాడు, సొమ్ము చెల్లించవలసిన బీమా కంపెనీ కూడా అక్కడే ఉంటుంది. లెక్క వ్రాసే గుమాస్తా మాత్రం హైదరాబాదులోనో, చెన్నైలోనో, బెంగుళూరులోనో కంప్యూటరు ముందు కూర్చొని ఉంటాడు. దీనినే మెడికల్ బిల్లింగు, మెడికల్ కోడింగు అంటున్నారు.

జీవశాస్త్రం చదివిన మన విద్యార్థులు ఫలితాలు వెలువడిన వారం తిరుగకముందే నా వద్దకు వచ్చి, "సార్, కోడింగులో చేరమంటారా?" అని అడుగుతున్నారు. తెలుగు అధ్యాపకుని అడగవలసిన ప్రశ్న ఇది కాదని త్రోసివేయడం సులభం. కానీ నా శిష్యురాలి తండ్రి ఒకరు, పాకాలలో టైర్లకు పంక్చర్లు వేసే పెద్దమనిషి, సంతనాడు నన్ను ఆపి అడిగిన మాట నన్ను ఆలోచనలో పడవేసింది. "ఏం కొలువు సాబ్ ఇది? ఆపరేషను జేసేది ఆడ, బిల్లు రాసేది ఈడనా? రేయంతా మేలుకోనుండాది బిడ్డ. ఆ బిల్లు కట్టేది ఎవురు, దాన్ని ఈ బిడ్డ రాసేది ఎందుకు?" అన్నారాయన. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిననాడే పిల్లలకు సలహా చెప్పే అర్హత మనకు లభిస్తుందని నాకు తోచింది. ఆ జవాబును వెదకుచూ తెలుసుకున్న విషయాలే ఈ వ్యాసం.

మొదట అమెరికా వైద్యపు తీరును గ్రహించాలి. అక్కడ అందరికీ ఒకే ప్రభుత్వ వైద్యపథకం లేదు. 1965 జూలై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన చట్టంతో అరవై అయిదేండ్లు దాటిన వారికి మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అను రెండు పథకాలు ఏర్పడినవి. మిగిలినవారిలో అధికసంఖ్యాకులు తాము పనిచేసే సంస్థల ద్వారా ప్రైవేటు బీమా పొందుతారు. బీమా లేనివారూ ఉన్నారు. ఇన్ని కంపెనీలు, ఒక్కొక్క కంపెనీలో ఇన్ని రకాల పాలసీలు, ఒక్కొక్క పాలసీకి ఇన్ని షరతులు! రోగిని పరీక్షించడం వైద్యునికి ఒక పని అయితే, అందుకు రావలసిన ప్రతిఫలాన్ని రాబట్టుకోవడం మరొక పెద్ద పని. రెండవ పనికి జీతమిచ్చి మనుష్యులను పెట్టుకొనే శక్తి చిన్న క్లినిక్కులకు లేదు. కనుక వారు ఆ పనిని బయటి సంస్థలకు అప్పగిస్తారు. ఆ సంస్థలు సాధారణంగా వసూలైన సొమ్ములో ఇంత శాతమని పుచ్చుకుంటాయి. పని ఖర్చు తగ్గడానికి మన దేశాన్ని ఆశ్రయిస్తాయి.

ఇక పని జరిగే విధానం. వైద్యుడు రోగిని చూచి తన పరిశీలనను వ్రాస్తాడు. ఆ వ్రాతను కోడరు చదివి, రోగానికి ఒక సంకేతాన్ని, చికిత్సకు మరొక సంకేతాన్ని నిర్ణయిస్తాడు. ఆ సంకేతాలతో బిల్లు తయారై, బీమా కంపెనీకి కంప్యూటరు ద్వారా దాఖలవుతుంది. కంపెనీ దానిని తనిఖీ చేసి పూర్తిగా చెల్లించవచ్చు, కొంత కోసి చెల్లించవచ్చు, మొత్తానికే రద్దు చేయవచ్చు. రద్దయిన బిల్లులు వేరొక బృందం చేతికి వస్తాయి. వారు అమెరికాలోని ఆ కంపెనీకి ఫోను చేసి, కారణం కనుగొని, లోపాన్ని సవరించి తిరిగి పంపుతారు. లేదా ఇది అన్యాయమని అప్పీలు వ్రాస్తారు. ఇందుకు గడువులున్నాయి. మెడికేర్ బిల్లును చికిత్స జరిగిన నాటి నుండి ఒక సంవత్సరం లోపల దాఖలు చేయకపోతే ఆ సొమ్ముపై ఆశ వదులుకోవలసినదే. అమెరికా తూర్పుతీరంలో ఉదయం తొమ్మిది గంటలైనప్పుడు మనకు ఎండాకాలమైతే సాయంత్రం ఆరున్నర, చలికాలమైతే ఏడున్నర. ఫోను పని చేసేవారికి రాత్రి కొలువు తప్పనిది అందుకే. సంకేతాలు వేసేవారు చాలావరకు పగలే పనిచేసుకోవచ్చు.

ఈ సంకేతాల చరిత్ర నన్ను మిక్కిలి ఆకర్షించింది. మరణకారణాలకు లోకమంతటా ఒకే జాబితా ఉండాలని ఫ్రాన్సు దేశీయుడైన జాక్ బెర్టిల్లాన్ తయారుచేసిన పట్టిక 1893లో చికాగోలో ఆమోదం పొందింది. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ బాధ్యతను స్వీకరించింది. ఐ.సి.డి. అని పిలువబడే ఆ పట్టిక పదవ కూర్పును అమెరికావారు తమ అవసరాలకు అనుగుణంగా విస్తరించి, 2015 అక్టోబరు 1 నుండి బిల్లులలో తప్పనిసరి చేశారు. అంతకుముందు సుమారు 14 వేలున్న రోగసంకేతాలు ఒక్కసారిగా 68 వేలకు మించిపోయినవి. రక్తపోటుకు ఐ-10. ఉపద్రవాలు లేని రెండవ రకం మధుమేహానికి ఇ-11.9. పాము విషానికి టి-63.0. చికిత్సల పట్టిక వేరు. దానిని అమెరికా వైద్యుల సంఘం 1966లో మొదట ప్రకటించింది. సి.పి.టి. అను ఆ పట్టికలో ప్రతి చికిత్సకు అయిదు స్థానాల సంకేతం ఉంటుంది.

ఆవు కుమ్మితే దానికి కూడా ఒక సంకేతమున్నదని నా శిష్యురాలు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఆమె పుస్తకం తెరచి చూపింది: డబ్ల్యు-55.22. కరిస్తే వేరొక అంకె! ఆవు కుమ్మినచోట పసుపు అద్ది పంపే ఊరివారికి ఇది నవ్వు పుట్టిస్తుంది. కానీ ఆలోచిస్తే, ఇది వ్యాకరణం వంటిదే. ఏ విభక్తి ఎక్కడ చేరాలో తెలియకపోతే వాక్యం చెడినట్లు, ఏ అంకె ఎక్కడ చేరాలో తెలియకపోతే బిల్లు చెడుతుంది. గాయానికి మొదటిసారి చికిత్స అయితే చివర ఒక అక్షరం, తరువాతి దశలో చికిత్స అయితే మరొక అక్షరం. వైద్యుడు వ్రాయని మాటను కోడరు ఊహించి చేర్చరాదు; వ్రాసిన మాటను వదలరాదు. పాఠాన్ని ఇంత నిష్ఠగా చదవమని మేము తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా వినని పిల్లలు, ఆ ఉద్యోగంలో చేరిన ఆరు మాసాలకు నేర్చుకొని వస్తున్నారు.

ఈ వ్యాపారానికి మన ప్రాంతంతో ఉన్న సంబంధం కేవలం నౌకర్లను పంపడం మాత్రమే కాదు. పూర్వపు చిత్తూరు జిల్లాలోని అరగొండ గ్రామం డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి జన్మస్థలం. ఆయన 1983లో చెన్నైలో అపోలో ఆసుపత్రిని ప్రారంభించారు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదుకు వచ్చినప్పుడు, ఉపగ్రహం ద్వారా పట్టణపు వైద్యుడు పల్లె రోగిని చూచే కేంద్రాన్ని అరగొండలో ప్రారంభించినట్లు ప్రకటించారు. ఆ సమూహానికే చెందిన అపోలో హెల్త్ స్ట్రీట్ అను సంస్థ హైదరాబాదు కేంద్రంగా అమెరికా ఆసుపత్రుల బిల్లుల పనిని చేపట్టింది. 2007లో జవాటా అను అమెరికా సంస్థను కొని విస్తరించింది. తరువాత 2013 నాటికి సదర్లాండ్ అను అమెరికా సంస్థ చేతిలోకి పోయింది. ఒకే మూలం నుండి రెండు దారులు బయలుదేరినవి. ఒక దారిలో పట్టణపు వైద్యం అరగొండకు వచ్చింది. రెండవ దారిలో తెలుగునాటి శ్రమ అమెరికా ఆసుపత్రులకు పోయింది. ఏ దారి పెద్దదైనదో విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ ఉద్యోగాన్ని తేలికగా చూచేవారు మనలో ఉన్నారు. "డిగ్రీ చదివి పరాయివాడి బాకీలు వసూలు చేయడమా?" అని ఒక మిత్రుడు నాతో అన్నారు. ఈ అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. 2024 ఫిబ్రవరి 21న అమెరికాలో ఛేంజ్ హెల్త్‌కేర్ అను సంస్థ కంప్యూటర్లపై దాడి జరిగింది. వైద్యులకు, బీమా కంపెనీలకు మధ్య బిల్లులను చేరవేసేది ఆ సంస్థ. వారాల తరబడి బిల్లులు కదలలేదు. రోగులు వస్తూనే ఉన్నారు, వైద్యులు చూస్తూనే ఉన్నారు. కానీ చిన్న క్లినిక్కులలో జీతాలివ్వడానికి సొమ్ము లేకపోయింది. మన రాష్ట్రంలో సైతం బకాయిలు పేరుకుపోయినవని నెట్‌వర్క్ ఆసుపత్రులు ప్రభుత్వ పథకం క్రింద సేవలు నిలిపిన సందర్భాలను 2024లోను, 2025లోను చూశాం. పద్దు కదలకపోతే వైద్యం కదలదు. కనుక పద్దు వ్రాసేవాడు వైద్యంలో భాగస్వామియే. ఆ పనిలో చిన్నతనమేమీ లేదు.

అయినప్పటికీ ఆ పంక్చర్ల పెద్దమనిషి ప్రశ్నలో మిగిలిన భాగం ఒకటున్నది. పరదేశపు రోగి తరఫున వాదించడానికి మన బిడ్డ రాత్రంతా మేలుకొని ఉంటుంది. మన ఊరి రోగి తరఫున మేలుకొని ఉండేవారు ఎవరు?

పాకాల జంక్షను నుండి మూడు దారులున్నవి. ఒకటి తిరుపతికి, ఒకటి కాట్పాడికి, ఒకటి ధర్మవరానికి. జబ్బు చేస్తే మనవారు మొదటి దారిలో రుయాకో స్విమ్సుకో పోతారు. రెండవ దారిలో కాట్పాడిలో దిగి, 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో ఆరంభించిన వేలూరు సి.ఎం.సి.కి పోతారు. ఫైలు చంకన పెట్టుకొని రైలు దిగే ఆ మనుష్యులను గమనించండి. ఆ ఫైలులో ఏమున్నదో వారిలో అధికులకు తెలియదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చి, ప్రభుత్వాలతో పాటు పేరు మారుతూ ఇప్పుడు డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవగా నడుస్తున్నది. కేంద్రం 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ పథకాన్ని తెచ్చింది. ఈ రెండింటిలోను ప్రతి చికిత్సకు ఒక సంకేతం, ఒక ధర, ముందస్తు మంజూరు ఉన్నవి. అనగా అమెరికాలో మన పిల్లలు చేసే పని స్వరూపమే ఇక్కడ కూడా ఉన్నది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర అను ఉద్యోగి ఉంటారు. కానీ కాగితం ఊరిలో ఇంటికి వచ్చిన తరువాత దానిని చదివి చెప్పే మనిషి లేడు.

ఈ మాటను నేను ఊహించి వ్రాయడం లేదు. రెండేండ్ల క్రిందట మా అమ్మకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగింది. ఏడేండ్లుగా క్రమం తప్పకుండా ప్రీమియం కడుతూ వచ్చిన బీమా ఉన్నది. కంపెనీ బిల్లును నిరాకరించింది. డిశ్చార్జి కాగితంలో "చిరకాలంగా మధుమేహం" అన్న రెండు మాటలున్నవనీ, పాలసీ తీసుకొనేనాటికే ఉన్న జబ్బును చెప్పలేదనీ ఉత్తరం వ్రాసింది. పాలసీ తీసుకొనేనాటికి మా అమ్మకు ఆ జబ్బు లేదు. ఇంగ్లీషులో రెండు పుటలున్న ఆ ఉత్తరాన్ని చేత పట్టుకొని మా నాన్న మూడు రోజులు భోజనం సరిగా చేయలేదు. అప్పు చేసి కట్టిన సొమ్ము అది.

ఆ కాగితం చదివినది నా శిష్యురాలే. సెలవుకు ఇంటికి వచ్చిన ఆమె మా వరండాలో కూర్చొని, ఉత్తరాన్ని ఒకసారి, డిశ్చార్జి కాగితాన్ని రెండుసార్లు, పాలసీ షరతులను మూడుసార్లు చదివింది. తరువాత, "సార్, దీంట్లో ఎన్నేండ్ల నుంచి అని లేదు. చిరకాలం అంటే ఏ సంవత్సరమని వాళ్ళు ఎట్ల నిర్ణయించినారు?" అన్నది. రెండవ మాటగా, బీమా నియంత్రణ సంస్థ 2024లో తెచ్చిన నిబంధనల ప్రకారం పాలసీ అరవై మాసాలు విడువకుండా నడిస్తే, మోసం రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదన్న కారణంతో క్లెయిమును త్రోసిపుచ్చరాదని చూపింది. పాత పరీక్షల రిపోర్టులను వెదికి, జబ్బు మొదట బయటపడిన తేదీని నిర్ధారిస్తూ వైద్యుని వద్ద ఒక ధ్రువపత్రం తీసుకొమ్మన్నది. ఆమె వ్రాసిన అప్పీలు ఒకటిన్నర పుట. అందులో ఒక్క విశేషణం లేదు, ఒక్క వేడికోలు లేదు. తేదీలు, షరతు సంఖ్యలు, జతచేసిన కాగితాల జాబితా – అంతే. ఆరు వారాలలో సొమ్ము మంజూరైనది.

మా నాన్న ఆమెకు చీర కొనిపెట్టబోతే ఆమె అంగీకరించలేదు. "ఇది నేను రోజూ ఎవరెవరికో చేసే పనే కద దాదాజీ, మనోళ్ళకు ఒక్కసారి చేస్తే ఏమి?" అన్నది. విద్య అనగా ఏమిటని నన్ను ఎవరైనా అడిగితే ఆ ఒకటిన్నర పుటను చూపుతాను. ఎం.ఏ. వరకు నేను చదివిన అలంకారశాస్త్రం ఆ ఉత్తరం ముందు నిలువలేదని చెప్పడానికి నాకు సంకోచం లేదు. ఏ మాట ఎక్కడ ఎంతవరకు అర్థమిస్తుందో విడమరచి చూపడమే శాస్త్రమైతే, ఆమె చేసినది కూడా శాస్త్రమే.

ఇంత మంచి మాట చెప్పి, చెడును దాచడం ధర్మం కాదు. రాత్రి కొలువు శరీరాన్ని నలుపుతుంది. నిద్ర, ఆకలి, బంధువుల రాకపోకలు అన్నీ తారుమారవుతాయి. రోజుకు ఇన్ని బిల్లులు, ఇంత శాతం తప్పులు లేకుండా అన్న లెక్క ఎల్లప్పుడూ తలపై వ్రేలాడుతూ ఉంటుంది. రోగుల రహస్యాలను కాపాడవలసిన చట్టం అమెరికాలో 1996 నుండి ఉన్నందున అనేక కార్యాలయాలలో పని గదిలోకి ఫోను, కలము, కాగితం కూడా తీసుకుపోనివ్వరు. అంతకంటె పెద్ద ప్రమాదం వేరొకటి. 1990ల చివరిలో వైద్యుల మాటలను విని టైపు చేసే ట్రాన్‌స్క్రిప్షను పని మన పట్టణాలకు వచ్చింది. వీధివీధినా శిక్షణ కేంద్రాలు వెలసినవి. మాటను యంత్రమే అక్షరంగా మార్చడం నేర్చిన తరువాత ఆ ఉద్యోగాలలో చాలాభాగం కరిగిపోయినవి. నేడు సులభమైన సంకేతాలను వేయడం కృత్రిమ మేధ నేర్చుకుంటున్నది. బట్టీపట్టి అంకెలు వేసే ఉద్యోగి స్థానం నిలువదు. శరీరం ఎట్లు పనిచేస్తుందో, నిబంధన ఎందుకు పుట్టినదో, కంపెనీ కాదన్నప్పుడు ఎట్లు వాదించాలో తెలిసినవారే నిలుస్తారు.

కనుక విద్యార్థులకు నా సలహా ఇది. చేరదలచినవారు చేరవచ్చు. కానీ ఉద్యోగం మాది హామీ అని చెప్పి వేలకు వేలు ఫీజు అడిగే శిక్షణ కేంద్రాలను చూచి మోసపోవద్దు. లిఖితపూర్వకమైన హామీ లేనిచోట రూపాయి కట్టవద్దు. 1988లో అమెరికాలో ఏర్పడిన ఏ.ఏ.పి.సి. అను సంస్థ ఇచ్చే సి.పి.సి. ధ్రువపత్రానికి ఈ రంగంలో విలువ ఉన్నది. దాని పరీక్షకు కావలసినది శరీరశాస్త్రంలో గట్టి పునాది, ఇంగ్లీషును నిదానంగా చదివే ఓపిక. ఈ రెండూ కళాశాలలోనే సంపాదించుకోవచ్చు. ఆడపిల్లలను పంపే తల్లిదండ్రులు రాత్రి వాహనపు ఏర్పాటు గురించి, వసతి గురించి మొదటి రోజుననే అడిగి తెలుసుకోవాలి. అడగడం అవమానం కాదు.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. ఈ విషయంలో ఒక సర్టిఫికెట్ కోర్సు పెట్టాలా వద్దా అను చర్చ మన మధ్య నడుస్తున్నది. పెట్టవలసినదేనని నా అభిప్రాయం. కానీ అందులో అమెరికా పట్టికతో పాటు మన పథకాల ప్యాకేజీలు, మన బీమా నిబంధనలు కూడా పాఠ్యాంశాలు కావాలి. 2024 నిబంధనల ప్రకారం నగదు చెల్లించకుండా చికిత్స పొందే బీమాదారుని కోరికపై కంపెనీ ఒక గంటలో, డిశ్చార్జి వేళ తుది బిల్లుపై మూడు గంటలలో నిర్ణయం చెప్పవలసి ఉన్నదని ఎంతమందికి తెలుసు? కంపెనీ నిరాకరిస్తే ఏడాది లోపల బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చునని ఎంతమందికి తెలుసు? తెలిసినవారికి వేరొకరు దారి చూపనక్కరలేదు. తెలియనివారికి హక్కు ఉండీ లేనట్లే.

ఇంకొక చిన్న కోరిక కూడా. వారానికి ఒకనాడు, శనివారం మధ్యాహ్నం, కళాశాలలో ఒక గది తెరచి ఉంచండి. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక కంప్యూటరు చాలు. ఆసుపత్రి కాగితం చేతబట్టుకొని వచ్చిన ఊరివారికి మన విద్యార్థులు దానిని చదివి, ఉర్దూలోనో తెలుగులోనో అర్థం చెప్పాలి. అవసరమైతే అర్జీ వ్రాసి ఇవ్వాలి. అర్జీ అన్న మాట ఏ భాషది అని ఎవరూ అడగరు. దాఖలైనదా, మంజూరైనదా అని మాత్రమే అడుగుతారు. మొదటి శనివారం కుర్చీలో కూర్చోవడానికి నా శిష్యురాలు అంగీకరించింది. ఆమెకు ఆ రోజు సెలవు.